ఆన్‌లైన్‌లో పాత వస్తువులు అమ్మేవారికి: ప్రకటన పెట్టిన రోజు నుంచి ఫిర్యాదు దాకా తీసుకోవలసిన జాగ్రత్తలు

విజయవాడ, గుంటూరు నగరాలలో ఇల్లు మారేవారు, బదిలీ మీద వెళ్లే ఉద్యోగులు, చదువు పూర్తిచేసుకుని హాస్టల్ ఖాళీ చేసే విద్యార్థులు తమ ఫ్రిజ్‌లు, కూలర్లు, మంచాలు, బీరువాలు, స్కూటీలు ఓఎల్‌ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనో అమ్మకానికి పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. మోసం జరిగితే కొనేవాడికే జరుగుతుందని, వస్తువు తన దగ్గరే ఉన్న అమ్మకందారుకు పోయేదేమీ ఉండదని చాలామంది అనుకుంటారు. ఆ ధీమా వల్లనే ఆరు వేల రూపాయల బీరువా అమ్మబోయిన వారి ఖాతాలోంచి అరవై వేలు పోయే పరిస్థితి వస్తున్నది.

అమ్మేవారి మీద జరిగే మోసాలు ఎన్ని రూపాలలో కనిపించినా వాటి అసలు పద్ధతి ఒక్కటే. డబ్బు అందుకోవడానికి మీరు ఏదో ఒక పని చేయాలని అవతలివాడు నమ్మిస్తాడు. ఒక కోడ్ స్కాన్ చేయమంటాడు, ఒక లింకు తెరవమంటాడు, ఓటీపీ చెప్పమంటాడు, పొరపాటున ఎక్కువ పంపానని చెప్పి తేడా వెనక్కి ఇమ్మంటాడు, లేదా డబ్బు దారిలో ఉందని చెప్పి వస్తువును ముందే తీసుకుపోతాడు. వాస్తవానికి మీ యూపీఐ ఐడీ గానీ, యూపీఐకి అనుసంధానమైన ఫోన్ నంబరు గానీ ఇచ్చిన తర్వాత డబ్బు రావడానికి మీరు చేయవలసిన పని ఏదీ లేదు. ఈ మార్గదర్శిలో చెప్పే జాగ్రత్తలన్నీ దాదాపుగా ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉంటాయి.

మొదటి దశ: ప్రకటన

ప్రకటనలో వస్తువు వివరాలు, ధర, ప్రాంతం పేరు ఉంటే చాలు. పటమట అనో, సత్యనారాయణపురం అనో, గుంటూరు అయితే బ్రాడీపేట అనో రాయవచ్చు గానీ ఇంటి నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, ఏ వేళల్లో ఇంట్లో ఎవరు ఉంటారన్నది రాయవలసిన అవసరం లేదు. యాప్‌లో ఫోన్ నంబరు కనిపించకుండా ఉంచే సౌకర్యం ఉంటే దాన్ని వాడుకుని, మొదటి మాటలు యాప్‌లోని చాట్‌లోనే జరగనివ్వండి.

బండి అమ్మేవారు ఫొటోలలో నంబరు ప్లేటు కనబడకుండా చూసుకోవాలి. ఆర్సీ, బీమా పత్రాల ఫొటోలు ఎవరు అడిగినా ముందుగా పంపకూడదు, ఎందుకంటే అవే ఫొటోలతో మీ బండిని తమ బండిగా చూపించి వేరొకరి దగ్గర అడ్వాన్సు వసూలు చేసే ముఠాలు ఉన్నాయి. ఫోన్ అమ్మేవారు ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ప్రకటనలో పెట్టకుండా, కొనే మనిషి ఎదురుగా వచ్చినప్పుడు చూపిస్తే సరిపోతుంది.

మరొక ఏర్పాటు కూడా ఈ దశలోనే చేసుకోవడం మంచిది. జీతమో, ఇంటి ఖర్చుల డబ్బో ఉండే ఖాతాను ఇలాంటి అమ్మకాలకు వాడకుండా, తక్కువ నిల్వ ఉండే మరొక పొదుపు ఖాతాను యూపీఐకి జోడించి, ఆ ఐడీనే కొనేవారికి ఇవ్వండి. ఏదైనా పొరపాటు జరిగినా, ఆ ఖాతా మీద ఏదైనా ఆంక్ష పడినా, ఇల్లు గడవడానికి ఇబ్బంది ఉండదు.

రెండవ దశ: మొదటి ఫోన్ కాల్

నిజంగా కొనాలనుకున్న మనిషి ప్రశ్నలు అడుగుతాడు. ఫ్రిజ్ ఎన్నేళ్లు వాడారు, గ్యాస్ ఎప్పుడైనా నింపించారా, కంప్రెసర్ శబ్దం చేస్తోందా, ఏ అంతస్తులో ఉంది, లిఫ్టు ఉందా, చివరి రేటు ఎంత అని అడుగుతాడు, బేరం ఆడతాడు, వచ్చి చూస్తానంటాడు. మన ప్రాంతంలో చెప్పిన ధరకు చెప్పినట్టే ఒప్పుకుని పాత మంచం కొనే మనిషి బహు అరుదు. కాబట్టి ప్రకటన పెట్టిన పది నిమిషాలకే ఫోన్ చేసి, వస్తువును చూడకుండా, ఒక్క రూపాయి తగ్గించమనకుండా, ఇప్పుడే మొత్తం డబ్బు పంపేస్తానని చెప్పే మనిషిని మొదటి క్షణం నుంచే అనుమానించాలి. తొందర అతనిది అయినప్పుడు నింపాదిగా ఉండటం మీ హక్కు.

ఈ కాల్స్‌లో బాగా వాడుకలో ఉన్న వేషం సైన్యంలోనో, భద్రతా దళంలోనో పనిచేసే ఉద్యోగిది. తాను ఆర్మీలోనో, విమానాశ్రయాలకు కాపలా ఉండే సీఐఎస్‌ఎఫ్‌లోనో పనిచేస్తున్నానని, గన్నవరం విమానాశ్రయానికో మరోచోటికో కొత్తగా బదిలీ అయిందని, డ్యూటీ వల్ల స్వయంగా రాలేనని, తన మనిషి వాహనం తీసుకుని వస్తాడని చెబుతాడు. అడగకుండానే గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, ఆధార్ కార్డు, యూనిఫాం వేసుకున్న ఫొటో పంపుతాడు. ఆ కార్డులలో చాలా భాగం అసలు సైనికులవే అయి ఉండవచ్చు, అంతకుముందు ఏదో వస్తువు అమ్మబోయిన లేదా కొనబోయిన జవాను నుంచి సంపాదించినవి అయి ఉండవచ్చు, కానీ మీతో మాట్లాడుతున్నది ఆ కార్డులోని మనిషే అనడానికి అవి ఏ విధంగానూ రుజువు కావు. సైన్యం మీద మనవారికి ఉన్న గౌరవాన్ని ఇలా పెట్టుబడిగా వాడుకోవడం ఈ మోసాలన్నిటిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

మాట్లాడే భాష మీద మాత్రం తొందరపడి నిర్ణయానికి రావద్దు. ఇలాంటి ముఠాలు ఎక్కువగా రాజస్థాన్‌లోని భరత్‌పూర్, హర్యానాలోని నూహ్ ప్రాంతాల నుంచి పనిచేస్తున్నట్టు పోలీసులు అనేక కేసులలో గుర్తించినందువల్ల హిందీలో మాట్లాడే వారందరినీ కొందరు అనుమానిస్తున్నారు. విజయవాడలో హిందీ మాట్లాడే వ్యాపారులు, ఉద్యోగులు, విద్యార్థులు వేల సంఖ్యలో ఉన్నారు, అలాగే శుద్ధమైన కృష్ణా జిల్లా యాసలో మాట్లాడుతూ మోసగించేవారూ ఉన్నారు. భాషకు బదులు ఒక ప్రశ్నతో పరీక్షించండి: ఎక్కడ ఉంటున్నారు, మా ఇంటికి ఏ దారిలో వస్తారు అని అడిగితే, బెంజ్ సర్కిల్ నుంచి ఆటోనగర్ ఏ వైపో చెప్పలేని మనిషి ఈ ఊళ్లో లేడని తేలిపోతుంది. ఆ తర్వాత, వచ్చి వస్తువు చూస్తే గానీ డబ్బు తీసుకోనని మర్యాదగా చెప్పండి. నిజమైన కొనుగోలుదారు ఆ మాటకు సంతోషిస్తాడు. మోసగాడు కోపం తెచ్చుకుంటాడు, లేదా నన్ను నమ్మడం లేదా మేడమ్, దేశం కోసం పనిచేసే వాడినండీ అని మొహమాటంలోకి దించుతాడు. ఆ మాట వినగానే ఫోన్ పెట్టేయవచ్చు.

అదే సంభాషణలో, మీరు నిజమైన అమ్మకందారో కాదో తెలుసుకోవడానికి ఒక కోడ్ పంపాను, అది చెప్పండి అని అడిగితే, ఆ ఆరంకెల సంఖ్య మీ వాట్సాప్‌ను అతని ఫోన్‌లో తెరవడానికి వచ్చిన సంఖ్య అయ్యే అవకాశం ఎక్కువ. మీ వాట్సాప్ అతని చేతికి చిక్కితే, ఆ తర్వాత మీ పేరుతో మీ బంధువులను అప్పు అడగడం మొదలుపెడతాడు. వస్తువు అమ్మడానికి సంబంధించి ఏ కొనుగోలుదారుకూ ఏ కోడూ చెప్పవలసిన పని లేదు.

మూడవ దశ: డబ్బు విషయం

ఇక్కడ కాస్త నిలబడి, యూపీఐ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి, ఎందుకంటే అది అర్థమైతే మోసగాడు కొత్త మాట ఏది చెప్పినా మీకు మీరే తేల్చుకోగలుగుతారు.

కిరాణా కొట్టులో గల్లాపెట్టె దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్‌ను మీరు స్కాన్ చేసినప్పుడు డబ్బు మీ ఖాతాలోంచి కొట్టువాడి ఖాతాలోకి పోతుంది. ఆ కోడ్‌లో ఉండేది డబ్బు ఎవరికి చేరాలో తెలిపే యూపీఐ చిరునామా, కొన్నిసార్లు దానితోపాటు ఎంత పంపాలన్న మొత్తం. కాబట్టి స్కాన్ చేసేవాడు ఎప్పుడూ చెల్లించేవాడే. డబ్బు రావడానికి స్కాన్ చేయండి అని వాట్సాప్‌లో కోడ్ పంపినవాడు మీ చేత తనకు చెల్లింపు చేయిస్తున్నాడు. ఆ చిత్రం మీద బ్యాంకు గుర్తు ఉన్నా, 6,500 రూపాయలు అందుకోండి అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, అదంతా అతను చిత్రం మీద అతికించిన రాత మాత్రమే.

యూపీఐ పిన్ విషయమూ ఇంతే. డబ్బు బయటికి పంపడానికి, ఖాతాలో నిల్వ చూసుకోవడానికి పిన్ కావాలి, డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. కొన్ని యాప్‌లలో ఇప్పుడు పిన్‌కు బదులు వేలిముద్రనో, ముఖాన్నో వాడే వీలు వచ్చింది కాబట్టి, ఫోన్ మీద వేలు పెట్టమన్నా అదే అర్థం. పిన్ కొట్టే తెరపై ఎవరికి వెళ్తున్నది, ఎంత వెళ్తున్నది స్పష్టంగా కనిపిస్తుంది. మోసగాడు మిమ్మల్ని ఫోన్‌లో మాట్లాడిస్తూ, తొందరపెడుతూ ఆ రెండు వివరాలు చదవనివ్వడు. మాట్లాడుతూ చెల్లింపు తెర తెరవడం మానేస్తే, ఈ ఒక్క అలవాటే చాలా నష్టాన్ని ఆపుతుంది.

యూపీఐలో వ్యక్తులు ఒకరినొకరు డబ్బు అడుగుతూ పంపుకునే అభ్యర్థనలను, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2025 అక్టోబర్ 1 నుంచి నిలిపివేయించింది. అంతకుముందు ఈ అభ్యర్థనను డబ్బు వస్తున్న నోటిఫికేషన్‌గా నమ్మించడం మోసగాళ్లకు బాగా పనికివచ్చేది. అయితే వ్యాపార ఖాతాల నుంచి వచ్చే అభ్యర్థనలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, క్యూఆర్ కోడ్‌లూ ఉన్నాయి. అందువల్ల ఒక దారి మూసుకుపోయిందే గానీ మోసం ఆగిపోలేదు.

నమ్మకం కుదర్చడానికి వారు వేసే ఎత్తు ఒకటుంది. ముందుగా ఐదు రూపాయలకు కోడ్ పంపి స్కాన్ చేయమంటారు, మీరు చేసిన వెంటనే నిజంగానే పది రూపాయలు మీ ఖాతాకు పంపుతారు. చూశారా, మీకు డబుల్ వచ్చింది, మా ఆఫీసు ఖాతా పద్ధతి ఇదే అంటారు. ఆ పది రూపాయలు స్కాన్ చేసినందుకు రాలేదు, అతను వేరుగా పంపినందుకు వచ్చాయి. తర్వాత 6,500కు కోడ్ వస్తుంది, మీ డబ్బు పోతుంది, అయ్యో సర్వర్ తప్పు జరిగింది, రెండింతలకు మళ్లీ స్కాన్ చేస్తే మొత్తం తిరిగి వస్తుంది అంటారు. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆరాటంలో మనిషి రెండోసారి, మూడోసారి స్కాన్ చేస్తాడు. చిన్న వస్తువుకు పెద్ద మొత్తం పోవడం సాధారణంగా ఇలాగే జరుగుతుంది. మొదటిసారి డబ్బు పోయిన క్షణంలోనే ఫోన్ కట్ చేసి, ఈ రచన చివరి భాగంలో చెప్పిన నంబరుకు కాల్ చేయాలి.

ఇక డబ్బు పంపేశానని చూపించే స్క్రీన్‌షాట్లు. చెల్లింపు యాప్‌ను అచ్చంగా పోలిన నకిలీ యాప్‌లలో పేరు, మొత్తం, సమయం టైపు చేస్తే పచ్చటి టిక్ గుర్తుతో సహా రసీదు తయారవుతుంది. కాబట్టి ఎదురుగా నిలబడి తన ఫోన్ తెర చూపించినా దాన్ని రుజువుగా తీసుకోకూడదు. మీ యాప్ మీరే తెరిచి, లావాదేవీల జాబితాలో ఆ మొత్తం, పంపినవారి పేరు, 12 అంకెల లావాదేవీ సంఖ్య కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఎస్సెమ్మెస్‌ను కూడా నమ్మవద్దు. బ్యాంకు సందేశం అక్షరాలతో కూడిన పేరు నుంచి వస్తుంది, పది అంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చిన జమ సందేశం ఎంత చక్కగా రాసి ఉన్నా అది మనిషి టైపు చేసినదే. సర్వర్ బిజీగా ఉంది, అరగంటలో పడుతుంది, ఈలోగా సామాను ఎక్కించేయనా అని అడిగితే, అరగంట కూర్చోమని చెప్పి మంచినీళ్లు ఇవ్వండి. డబ్బు కనబడేదాకా వస్తువు గడప దాటకూడదు.

ఎక్కువ పంపానన్న మోసం ఈ నకిలీ సందేశాల మీదే నడుస్తుంది. రెండు వేలు పంపబోయి ఇరవై వేలు పంపానని, ఆసుపత్రి ఖర్చుకు ఉంచుకున్న డబ్బని, తేడా వెంటనే పంపమని బతిమాలుతారు. ఖాతా చూసుకుంటే అసలేమీ వచ్చి ఉండదు. నిజంగానే ఎక్కువ వచ్చి ఉంటే కూడా, అతను చెప్పిన కొత్త నంబరుకు పంపవద్దు. మీ బ్యాంకు ద్వారా వెనక్కి తీసుకోండి, నేను అభ్యంతరం చెప్పను అని రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, మీ బ్యాంకుకు కూడా తెలియజేయండి.

చెల్లింపు రసీదు అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవకూడదు, అది ఫోన్‌లోని సందేశాలను, ఓటీపీలను చదివే యాప్‌ను ఎక్కిస్తుంది. ఎనీడెస్క్ వంటి, మీ తెరను అవతలివారికి చూపించే యాప్ ఎక్కించుకోమన్నా అంతే.

నాల్గవ దశ: మధ్యలో మూడో మనిషి

అమ్మేవారిలో తెలివైన వారు కూడా చిక్కుకునే మోసం ఇది, అందుకే దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాను. మీరు స్కూటీని 55 వేలకు ప్రకటించారనుకోండి. ఒకడు ఫోన్ చేసి అదే ధరకు ఒప్పుకుని, మీ ఫొటోలు తీసుకుని, అదే స్కూటీని 40 వేలకు అమ్ముతున్నట్టు తన పేరుతో ఇంకో ప్రకటన పెడతాడు. తెనాలి నుంచో, నూజివీడు నుంచో ఒక అమాయకుడు దాన్ని చూసి అతనికి ఫోన్ చేస్తాడు. మధ్యవాడు ఆ కొనేవాడితో, బండి మా బావమరిది ఇంట్లో ఉంది, వెళ్లి చూసుకో, వాడితో రేటు మాత్రం మాట్లాడకు అంటాడు. మీకు ఫోన్ చేసి, మా పనివాడు వస్తున్నాడు, డబ్బు విషయం వాడికి తెలియనివ్వవద్దు, నేనే మీ ఖాతాకు పంపుతాను అంటాడు. వచ్చిన మనిషి బండి చూసుకుని, నచ్చిందని, మధ్యవాడి ఖాతాకు 40 వేలు పంపేస్తాడు. ఆ తర్వాత మధ్యవాడి ఫోన్ మోగదు. మీ ఇంటి ముందు ఒకరి మీద ఒకరికి అనుమానంతో ఇద్దరు మోసపోయినవారు మిగులుతారు.

వచ్చినవాడితో ధర మాట్లాడవద్దు అన్న మాట వినబడితే చాలు, అది ఇదేనని నిర్ధారించుకోవచ్చు. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మీకు ఎంతకు చెప్పారు, ఎవరికైనా ఇప్పటికే డబ్బు పంపారా, ప్రకటన ఎవరి పేరుతో చూశారు అని ముఖాముఖి అడగండి. ఆ రెండు నిమిషాల మాటలు మీ డబ్బును మాత్రమే కాకుండా ముక్కూమొహం తెలియని ఇంకో కుటుంబం డబ్బును కూడా కాపాడతాయి.

దీనికి మరో రూపం ఉంది. కొనేవాడు ఎదురుగా ఉంటాడు, మీ ఖాతాలో డబ్బు నిజంగా పడుతుంది, కానీ పంపినవారి పేరు వేరే రాష్ట్రంలోని ఎవరో అపరిచితుడిది. ఆ డబ్బు మరొకరిని మోసగించి మీకు పంపించినది అయి ఉండవచ్చు. కొన్ని రోజులకు ఆ బాధితుడు ఫిర్యాదు చేస్తే, డబ్బు వెళ్లిన దారిలో ఉన్న ఖాతాలలో ఆ మొత్తాన్ని గానీ, ఒక్కోసారి ఖాతా మొత్తాన్ని గానీ బ్యాంకులు నిలిపివేస్తాయి. మీరు ఏ తప్పూ చేయకపోయినా, వస్తువు ఇచ్చి డబ్బు తీసుకున్న సామాన్య అమ్మకందారునని రుజువు చేసుకోవడానికి తిరగవలసి వస్తుంది. అందుకే ఎదురుగా ఉన్న మనిషి పేరు, డబ్బు పంపిన ఖాతా పేరు ఒకటేనా అని చూసుకోండి. తండ్రి ఖాతా, భార్య ఖాతా అంటే అర్థం చేసుకోవచ్చు, వారితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించమనండి. ఒక తెల్ల కాగితం మీద వస్తువు వివరాలు, ధర, తేదీ, లావాదేవీ సంఖ్య రాసి ఇద్దరూ సంతకాలు చేసి, కొనేవారి గుర్తింపు కార్డు ఫొటో దగ్గర ఉంచుకుంటే, ఎప్పుడైనా ఖాతా నిలిపివేతకు గురైనప్పుడు బ్యాంకుకూ, పోలీసులకూ చూపించడానికి అదే ఆధారం.

ఐదవ దశ: వస్తువు చూపించడం, అప్పగించడం

చేతిలో పట్టుకుపోగల వస్తువైతే పగటి వేళ, జనం తిరిగే చోట కలవండి. గవర్నర్‌పేటలోనో, గుంటూరు లాడ్జి సెంటర్ దగ్గరో ఏదైనా బ్యాంకు శాఖ లోపల గానీ, దాని ఎదుట గానీ కలిస్తే నగదు లెక్క కూడా అక్కడే తేలుతుంది. ఫ్రిజ్, మంచం వంటివాటికి ఇంటికి రాక తప్పదు కాబట్టి, వీలైతే ముందుగానే సెల్లార్‌లోకి దింపించి చూపించండి, ఇంట్లో ఇంకొకరిని తోడు ఉంచుకోండి, వాచ్‌మన్‌కు చెప్పి ఉంచండి. ఒంటరిగా ఉండే ఆడవారు, వృద్ధులు ఈ విషయంలో మొహమాటపడకూడదు.

నగదు తీసుకునేటప్పుడు కట్ట మొత్తం మీరే లెక్కపెట్టండి, లెక్కపెట్టాక అతను మళ్లీ చూస్తానని తీసుకుంటే తిరిగి ఇచ్చిన తర్వాత మళ్లీ లెక్కపెట్టండి. 500 నోటును వంచి చూస్తే భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారాలి. అనుమానం ఉంటే బ్యాంకు డిపాజిట్ యంత్రంలో ఇద్దరూ కలిసి వేయడం మేలు. ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది కాబట్టి కారు వంటి పెద్ద వస్తువులకు బ్యాంకు బదిలీ తప్పనిసరి. చెక్కు ఇస్తే, జమ అయినట్టు కనిపించడం కాదు, అది పూర్తిగా క్లియర్ అయిందని బ్యాంకు చెప్పే వరకు ఆగాలి.

బండి అమ్మేవారు ట్రయల్‌కు తాళం ఇచ్చి గేటు దగ్గర నిలబడకూడదు. కొనేవాడు వచ్చిన బండి ఇక్కడే ఉంది కదా అన్న ధైర్యమూ పనికిరాదు, అది కూడా దొంగిలించినది అయి ఉండవచ్చు. వెనక మీరో, మీ వారో కూర్చుని వెళ్లండి, లేదా ఇద్దరూ కలిసి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. డబ్బు అందాక కూడా పని పూర్తి కాలేదు. ఆర్సీ మీ పేరు మీద ఉన్నంతకాలం ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత మీదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. కాబట్టి యాజమాన్య బదిలీ పత్రాలైన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి, వాటి నకళ్లు ఉంచుకుని, మోటారు వాహనాల చట్టం చెప్పినట్టు 14 రోజులలోగా రవాణా శాఖకు అమ్మకం సంగతి తెలియజేయండి. తేదీ వేయని ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇవ్వడం మన ప్రాంతంలో పాత అలవాటు, దాన్ని తప్పకుండా మానుకోవాలి. యాజమాన్యం మారిందో లేదో ఎం-పరివాహన్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు.

ఫోన్ అమ్మేటప్పుడు గూగుల్ ఖాతా లేదా ఐక్లౌడ్ నుంచి బయటికి వచ్చి, యూపీఐ యాప్‌ల నమోదు తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సిమ్, మెమరీ కార్డు తీయడం మరవద్దు.

ఇంటి నుంచి చీరలు, పచ్చళ్లు అమ్మేవారికి

మంగళగిరి చీరలను వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే మహిళలు, పచ్చళ్లు, కారం పొట్లాలు దూరప్రాంతాలకు పంపే ఇళ్లవారు ఈ మోసాలకు ఎక్కువగా గురవుతారు, ఎందుకంటే వారు కొనేవారిని ఎన్నడూ చూడరు, ఒక్క పూటలో పదుల కొద్దీ స్క్రీన్‌షాట్లు వస్తుంటాయి. స్క్రీన్‌షాట్ చూసి చీర పక్కన పెట్టవచ్చు గానీ, కొరియర్‌కు ఇవ్వకూడదు. రోజుకు ఒక సమయం పెట్టుకుని, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని లావాదేవీ సంఖ్యలను ఆర్డర్లతో పోల్చి చూసి, కలిసినవాటినే పంపండి. ఒకే చెల్లింపు స్క్రీన్‌షాట్‌ను తేదీ మార్చి రెండుసార్లు పంపేవారు కూడా ఇలా దొరికిపోతారు. పార్సిల్ కట్టేటప్పుడు చీర అంచు, కొంగు కనిపించేలా, చిరునామా చీటీతో సహా ఒకే వీడియో తీయండి. చిరిగిందనో, వేరే చీర వచ్చిందనో ఎవరైనా డబ్బు వెనక్కి అడిగితే, పార్సిల్ తెరిచిన వీడియో ఉంటేనే తీసుకుంటామని ముందే ప్రకటించండి.

కొనేవాడే కొరియర్ మాట్లాడాను, మీరు బీమా రుసుము కడితే చీర తీసుకునేటప్పుడే వాళ్లు డబ్బు మీకు ఇస్తారు అని లింకు పంపితే, అది నకిలీ పేజీ. అమ్మినందుకు వచ్చే డబ్బు కోసం కార్డు నంబరు, సీవీవీ అడిగే కొరియర్ సంస్థ ఉండదు.

డబ్బు పోయినట్టయితే

వెంటనే 1930కి కాల్ చేయండి. ఇది కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలోని సైబర్ మోసాల సహాయ నంబరు. మోసగాళ్లు డబ్బును నిమిషాలలో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చి, ఏటీఎంలలో తీసేస్తారు కాబట్టి, అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపించగలిగితే దొరికే అవకాశం ఉంటుంది. ఇంట్లో వాళ్లకు ఎలా చెప్పాలన్న సిగ్గుతో రాత్రంతా ఆలోచించి మర్నాడు ఫిర్యాదు చేసేవారు చాలామంది ఉంటారు. సిగ్గుపడవలసింది మోసం చేసినవాడే గానీ మీరు కాదు. ఇల్లాలైనా, విద్యార్థి అయినా, ఉన్నతోద్యోగి అయినా దీనికి చిక్కుతున్నారు.

కాల్ చేసేటప్పుడు లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం, మీ ఖాతా ఉన్న బ్యాంకు, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లో వివరాలు పూర్తిచేసి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. బ్యాంకుకు కూడా అదే గంటలో తెలపడం అవసరం. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ పొరపాటు వల్ల పిన్ వంటివి బయటపడి జరిగిన నష్టాన్ని మీరే భరించవలసి వచ్చినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. బ్యాంకు 30 రోజులలో సరైన జవాబు ఇవ్వకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

పోలీసు స్టేషన్ విషయంలో మా పరిధి కాదన్న జవాబు వస్తే, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు నమోదు చేసే వెసులుబాటు నేర విచారణ పద్ధతికి సంబంధించిన చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉన్నదని గుర్తుచేయండి. చాట్‌ను, కాల్ వివరాలను తుడిచివేయకండి, ప్రొఫైల్‌ను బ్లాక్ చేసేముందు దాని స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మోసపు కాల్ వచ్చి డబ్బు పోకుండా బయటపడినవారు కూడా కేంద్ర టెలికం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో ఆ నంబరును తెలిపితే, అది ఇంకొకరికి మోగకుండా నిలిపివేయడానికి వీలవుతుంది.

నిలిపివేసిన డబ్బు తిరిగి మీ ఖాతాకు రావడానికి సమయం పడుతుంది, కొన్ని సందర్భాలలో కోర్టు ఉత్తర్వు కావాలి. ఆ నిరీక్షణ కాలంలో ఇంకో ఫోన్ రావచ్చు: సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నామని, మీ డబ్బు దొరికిందని, ప్రాసెసింగ్ రుసుము కడితే ఇవాళే జమ చేస్తామని. బాధితుల వివరాలు సంపాదించి రెండోసారి దోచుకునేవారు చేసే కాల్ అది. పోలీసులు గానీ, బ్యాంకు గానీ, కోర్టు గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి ఫోన్‌లో రుసుము అడగరు. అటువంటి కాల్ వచ్చిన వెంటనే మీరు ఫిర్యాదు చేసిన స్టేషన్‌కు స్వయంగా వెళ్లి, ఫిర్యాదు సంఖ్య చూపించి, ఆ నంబరును కూడా అదే కేసులో చేర్పించండి.